చెన్నకేశన్న రేటు

టీవీలో సీరియల్ నడుస్తూనే ఉంది. తెర కింద పసుపు పట్టీలో అక్షరాలు మళ్ళీ కుడినుంచి ఎడమకు జారిపోయాయి. సుబ్బమ్మ కంప్యూటర్స్, ప్రొద్దుటూరు. ఎర్రపెట్టె గ్రాఫిక్స్ కార్డు ఏడు వేల ఎనిమిది వందలు మాత్రమే.

"కేబుల్ గౌస్ మొహిద్దీన్‌కు ఫోన్ చెయ్యి. ఆ పట్టీ ఆపమని చెప్పు," అన్నాడు వెంకటేశు. పొద్దుటినుంచి ఈ మాట చెప్పడం అతనికిది నాలుగోసారి.

"వారం దినాలకు కట్టినా. ఇంగా అయిదు దినాలుండాది," అంది సంజీవమ్మ.

ఆమె మంచం కిందినుంచి ఎర్ర అట్టపెట్టెలు ఒక్కొక్కటే లాగి, వాటిమీద అంటించిన పాత ధర చీటీలను గోటితో గీకి తీసేస్తూంది. చిన్న అంగడి, సరుకంతా పట్టదు. సగం పెట్టెలు ఎప్పుడూ ఇంట్లోనే ఉంటాయి.

మంచం మీద కూర్చున్న అత్త పెద్దసుబ్బమ్మకు చదువు రాదు. పట్టీలో ఏముందో ఆమెకు తెలియదు. అది వచ్చినప్పుడల్లా కొడుకు ముఖం మాడిపోవడం మాత్రం చూస్తూంది. పోయిన సోమవారంనుంచీ మొగుడూ పెళ్ళామూ ఒక విస్తరి ముందు కూర్చోలేదు. అదీ చూసింది. ఏమీ అడగలేదు.

మూడు వారాల కిందట, ఆ పక్కంతా మాట చెల్లే పార్టీ నాయకుడు చెన్నకేశన్న ఇంట్లో జరిగిన ఒప్పందాన్ని ఆ ఒక్క పట్టీ గాలికి వదిలేసింది.

కంప్యూటరులో బొమ్మ తడబడకుండా నడిపే ఆ కార్డును లోకంలో రెండే కంపెనీలు గట్టిగా అమ్ముతున్నాయి. ఒకదానిది ఎర్రపెట్టె, ఇంకొకదానిది పచ్చపెట్టె. ఈ ఎండాకాలం ఆ రెండూ పంతానికి దిగాయి. ఒకడు వెయ్యి దించితే వారం తిరక్కుండానే రెండోవాడు పదిహేను వందలు దించాడు. ప్రొద్దుటూరులో ఎర్రపెట్టె అమ్మేది వెంకటేశు. జమ్మలమడుగులో పచ్చపెట్టె అమ్మేది అతని తమ్ముడు ఆదెన్న. అక్కడ కంపెనీలు ఏం చేశాయో, ఇక్కడ అన్నదమ్ములూ అదే చేశారు. ఒకరి గిరాకీని ఒకరు బస్టాండులో ఆపి మళ్ళించుకునేదాకా వచ్చింది. పండక్కి ఒకరి పిల్లలు ఇంకొకరి గడప తొక్కలేదు.

అప్పుడు చెన్నకేశన్న ఇద్దరినీ పిలిపించి ఒక మాట మీద నిలబెట్టాడు. ఏ పెట్టె అయినా పదకొండున్నర వేలకు తగ్గకూడదు. కార్డుకు అయిదు వందలు పార్టీకి. వచ్చే ఏడు ఎలక్షన్లు.

అన్నదమ్ములు చేతులు కలుపుకుని వచ్చారు. ఇల్లు చల్లబడిందని పెద్దసుబ్బమ్మ సంతోషపడింది. సంజీవమ్మ నోరు మూసుకుంది. రెండు వారాలకు పైగా మూసుకునే ఉంది.

తర్వాత దిల్షాద్‌బీ వచ్చింది.

దిల్షాద్‌బీ జమ్మలమడుగులో పెళ్ళి వీడియోలకు మిక్సింగ్ చేస్తుంది. ఆడవాళ్ళ వైపు వీడియో తీయడానికి మగవాళ్ళను రానివ్వని ఇళ్ళలో, తీసేదీ ఆమే, పాటలూ పూలూ చేర్చి డిస్కులు చేసేదీ ఆమే. పాత కంప్యూటరు మీద పెళ్ళికూతురి ముఖం ఆగి ఆగి నడుస్తుందని, ఒక సంవత్సరం పాటు కూడబెట్టి సంజీవమ్మ దగ్గర కార్డు కొనుక్కుపోయింది. పదకొండున్నర వేలు. నాలుగు రోజులకు అదే పెట్టె పట్టుకుని మళ్ళీ వచ్చి, బెంగుళూరులో తన అక్కకొడుకు ఇదే కార్డు ఏడు వేల ఎనిమిది వందలకు కొన్నాడని చెప్పింది. గొంతు పెంచలేదు. పెట్టె బల్లమీద పెట్టి, "నేను రేటు అడగల్యా అక్కా. నువ్వు చెప్పినావు కాబట్టి ఇచ్చినా," అంది.

సంజీవమ్మ ఎక్కువ తీసుకున్న సొమ్ము ఆమె చేతిలో పెట్టింది. ఆ సాయంత్రమే కేబుల్ ఆఫీసుకు పోయి పట్టీ రాయించింది.

పట్టీ మొదలై రెండు రోజులైన ఈ మధ్యాహ్నం ఆదెన్న దిగాడు. చెప్పులు విడవకుండానే లోపలికి వచ్చాడు. ఒప్పందం మొదట విరిచింది తాను కాదని చూపించడానికి ఇంటిదాకా వచ్చినట్టున్నాడు. తన దగ్గర ముప్పై పచ్చపెట్టెలు పడి ఉన్నాయని, అన్నీ తొమ్మిది వేల లెక్కన తెచ్చినవని, జమ్మలమడుగులో కూడా ఈ పట్టీ చూసి జనం అంగట్లోకి వచ్చి నవ్విపోతున్నారని చెప్పుకొచ్చాడు. అన్నను చూసి మాట్లాడుతున్నాడు గానీ మాటలన్నీ వదినకే తగులుతున్నాయి.

"నాకూ ఇరవై పెట్టెలుండాయి ఆదెన్నా. నేనూ పోగొట్టుకుంటాండా," అంది సంజీవమ్మ.

"నువ్వు పోగొట్టుకో వదినా. నన్నెందుకు ముంచుతావు?"

"దిగిన ధర దిగింది. దాన్ని ఎన్ని దినాలు దాస్తావు?"

"అందరం ఒక మాట మీద ఉంటే దాగుతాది."

సంజీవమ్మ చేతిలోని పెట్టె కింద పెట్టింది. ఆమెది పులివెందుల దగ్గరి పల్లె. తండ్రి గొర్రెల మంద వెంట నడిచినవాడు. సంతలో కొనేవాడూ అమ్మేవాడూ చేతులమీద తువ్వాలు కప్పుకుని, దాని కింద వేళ్ళు పట్టుకుని బేరం చేసుకోవడం ఆమె చిన్నప్పటినుంచీ చూసింది. పక్కనున్నవాడికి ధర తెలియదు.

"తువ్వాలు కింద బేరం సంతలో మా నాయన చేసినాడు. ఆడ కొనేవాని చెయ్యి గూడా తువ్వాలు కిందనే ఉంటాది. మీరు చేసిన బేరంలో దిల్షాద్‌బీ చెయ్యి యాడుంది?"

వెంకటేశు గోడవైపు చూస్తున్నాడు. టీవీలో ఎవరో ఏడుస్తున్నారు.

అప్పుడే ఫోన్ మోగింది. వెంకటేశు తీశాడు. అన్నా, సరే అన్నా, ఇద్దరమూ వస్తాం అన్నా అని మూడు ముక్కలు అని పెట్టేశాడు. ఆదివారం పది గంటలకు చెన్నకేశన్న రమ్మన్నాడు.

పెద్దసుబ్బమ్మ లేచి టీవీ ఆపింది.

ఆమె మొగుణ్ణి కూడా ఆ ఇంటివాళ్ళే పిలిచారు. పందొమ్మిదేళ్ళ కిందట. చెన్నకేశన్న తండ్రి జీపు వెంట పదిమందితో పోయి, జమ్మలమడుగు దాటిన తర్వాత వాగు మలుపులో బాంబులు పడితే అక్కడే పోయాడు. ఆ తర్వాత పిల్లలను చూసుకుంటానన్న మాట చెన్నకేశన్న తప్పలేదు. ఇద్దరు పిల్లలనూ చదివించాడు. అంగళ్ళు పెట్టించాడు. ప్రొద్దుటూరు అంగడి గది కూడా ఆయన చుట్టాలదే.

"నువ్వూ పో," అంది పెద్దసుబ్బమ్మ కోడలితో.

"ఆడోళ్ళను పిలవల్యా మా," అన్నాడు వెంకటేశు.

"ఆ పొద్దు నన్నూ పిలవల్యా. మీ నాయన చొక్కా ఏసుకుంటాంటే వాకిట్లో నిలబడి చూసినా. యాటికి పోతాండావని గూడా అడగల్యా." ఆమె కోడలివైపే చూస్తూంది. "నువ్వు పో సంజీవీ."

శనివారం మధ్యాహ్నం సంజీవమ్మకు పులివెందులనుంచి ఫోన్ వచ్చింది. ఆమె తమ్ముడు ఓబులేసు తుమ్మలపల్లె గనిలో పని చేస్తాడు, కాపురం పులివెందులలో. పట్టీ సంగతి విని అక్కను హెచ్చరించడానికి చేశాడనుకుంది. అతను ఇంకేదో చెప్పాడు. ఆమె రెండుసార్లు మళ్ళీ చెప్పించుకుని విన్నది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

*

చెన్నకేశన్న ఇల్లు జమ్మలమడుగు దాటి పల్లెలో ఉంది. నాపరాళ్ళు పరిచిన వసారాలో కుర్చీలు వేసి ఉన్నాయి. సంజీవమ్మను చూసి ఆయన ఆశ్చర్యపడినట్టు కనిపించలేదు. ఇంట్లోవాళ్ళను పిలిచి ఆమెకు కూడా కుర్చీ వేయించాడు. మజ్జిగ తెప్పించాడు. పెద్దసుబ్బమ్మ మోకాళ్ళ నొప్పుల గురించి అడిగాడు.

ఆయన మాట మెత్తగా ఉంటుంది. ఎక్కడో దేశంకాని దేశంలో ఇద్దరు కోటీశ్వరులు కొట్టుకుంటూంటే, ఆ కొట్లాట తెచ్చి ఒక తల్లి కడుపున పుట్టిన ఇద్దరి మధ్య పెట్టుకోవడం తెలివి కాదని చెప్పాడు. ఊళ్ళో రక్తాలు కారిన రోజులు అందరూ మరిచిపోయారేమో గానీ తాను మరిచిపోలేదన్నాడు. తాను అడిగిందల్లా శాంతి. అన్న బతకాలి, తమ్ముడు బతకాలి. దానికోసమే ఒక రేటు అనుకున్నామన్నాడు.

వినేవాళ్ళకు అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. వెంకటేశు తల ఊపుతున్నాడు. ఆదెన్న నేల చూస్తున్నాడు.

"రేపు పొద్దున్నుంచి ఆ టీవీలో రాత రాదు," అన్నాడు చెన్నకేశన్న. "గౌస్‌కు చెప్పినా. ఇంగ నీ నోటితో ఒక మాట చెప్పమ్మా, ఈడికి అయిపోతాది."

సంజీవమ్మ మజ్జిగ గ్లాసు కింద పెట్టింది. తాగలేదు.

"ఒకటి అడగల్ల అన్నా. పులివెందుల అంగడికి గూడా ఇదే రేటా?"

చెన్నకేశన్న ఆమెను చూశాడు. వసారాలో నిలబడి ఉన్న ఇద్దరు మనుషులు కూడా ఆమెనే చూశారు.

"యా అంగడి వదినా?" అన్నాడు ఆదెన్న. ఆ వారంలో అతను ఆమెతో కోపం లేకుండా మాట్లాడింది అదొక్కటే.

ఆమె చెన్నకేశన్న ముఖంమీదినుంచి చూపు తీయకుండానే చెప్పింది. పులివెందుల బస్టాండు ఎదురుగా చెన్నకేశన్న అక్కకొడుకు అంగడి పెడుతున్నాడు. ఎర్రపెట్టె, పచ్చపెట్టె రెండూ అమ్ముతాడు. శుక్రవారం తెరుస్తారు. బోర్డు ఎక్కించారు. ఏ కార్డయినా ఏడున్నర వేలే అని బోర్డు కిందనే రాయించారు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు వాళ్ళకు బస్సు చార్జీలు కూడా వాపసు ఇస్తారంట.

లోపల ఎక్కడో గిన్నెల చప్పుడు వినిపించి ఆగిపోయింది.

"వాడూ బతకల్ల గదమ్మా," అన్నాడు చెన్నకేశన్న చివరికి. "వాని సంగతి వేరే."

"మాకు పదకొండున్నర. వానికి ఏడున్నర," అన్నాడు ఆదెన్న. తనలో తాను అనుకున్నట్టు అన్నాడు గానీ అందరికీ వినపడింది.

చెన్నకేశన్న అతనివైపు తిరగలేదు. వెంకటేశుతోనే మాట్లాడాడు. గొంతు ఇంకా మెత్తగానే ఉంది. తన మాట వినేదాకా ప్రొద్దుటూరు అంగడి తెరవవద్దని, గది ఎవరిదో గుర్తుంచుకోమని చెప్పాడు. వెంకటేశు అట్లనే అన్నా అన్నాడు. నాయన పోయినప్పుడు ఎవరు ఆదుకున్నారో తానెన్నటికీ మరవనని కూడా అన్నాడు.

అందరూ లేచారు. సంజీవమ్మ లేచి అక్కడే నిలబడింది.

"మా మామ మీ ఇంటికోసం పానం ఇడిచినాడు. దానికి మీరు చేసిందీ మేం మరిచిపోల్యా అన్నా. ఆ రుణం మాది. దిల్షాద్‌బీది కాదు. ఆయమ్మతో కట్టించుకోడానికి నేను ఒప్పుకోను."

చెన్నకేశన్న నవ్వలేదు, కోప్పడలేదు. "జాగ్రత్తగా పోయిరా తల్లీ," అన్నాడు.

బయటికి రాగానే ఆదెన్న మోటారుసైకిలు ఎక్కి, అన్నకు చెప్పకుండా, వదినను చూడకుండా పోయాడు. మొగుడూ పెళ్ళామూ బస్సులో పక్కపక్కనే కూర్చున్నారు. పెన్నా వంతెన వచ్చింది.

"నలుగురిలో నన్ను తల దించేట్టు చేస్తివి," అన్నాడు వెంకటేశు.

"నేను దించల్యా. నువ్వే దించుకున్యావు."

ఆ తర్వాత ప్రొద్దుటూరు వచ్చేదాకా అతను కిటికీలోంచి బయటికే చూశాడు. ఆ మాట అనకుండా ఉంటే బాగుండేదని ఆమెకు అనిపించింది. అయినా వెనక్కి తీసుకోలేదు.

*

సోమవారం ఆమె లేచేసరికి వెంకటేశు లేడు. మేకుకు తగిలించే అంగడి తాళంచెవులూ లేవు. టీవీ పెట్టి చూసింది. సీరియల్ కింద చీరల అంగడి పట్టీ పోతూంది.

పెద్దసుబ్బమ్మ పెట్టెలు ఒక్కొక్కటే అందిస్తూంటే సంజీవమ్మ రెండు గోనెసంచుల్లో సర్దింది. ఇంట్లో ఉన్నవన్నీ పట్టాయి. ఆటో పిలిపించుకుని అంగటికి పోయింది. బట్టల బజారు వెనక సందులో, బంగారు అంగళ్ళ పక్కన, అయిదు మెట్లు ఎక్కితే వాళ్ళ షట్టరు. తాళం వేసే ఉంది. ఆమె రెండో మెట్టు మీద చీరకొంగు దులుపుకుని కూర్చుని, పక్కన పెట్టెలు పేర్చుకుంది.

పక్క బంగారు అంగడి సేటు బయటికి వచ్చి, ఎండ ఎక్కువగా ఉంది, ఇంటికి పోమ్మా అని మంచిగానే చెప్పాడు. సందు మొగదలలో నిలిచి ఉన్న జీపును కళ్ళతోనే చూపించాడు. చెన్నకేశన్న జీపు. తాను చూశానని చెప్పి ఆమె అక్కడే కూర్చుంది.

పదిన్నర దాకా ఒక్కరూ రాలేదు. తెలిసినవాళ్ళు కూడా సందు అవతలి పక్కన నడిచి పోయారు. ఎప్పుడూ నిలబడి పలకరించే ఫోటోస్టూడియో వాళ్ళబ్బాయి ఫోన్ మాట్లాడుతున్నట్టు నటిస్తూ దాటిపోయాడు. ఆమెకు దాహం వేసింది. లేస్తే ఓడిపోయినట్టు అవుతుందని లేవలేదు.

పదకొండు గంటలకు దిల్షాద్‌బీ వచ్చింది. ఒక్కతే రాలేదు. వెంట హబీబుల్లా ఉన్నాడు. మైలవరం రోడ్డులో అతనికి స్టూడియో ఉంది. ఇంకా ముగ్గురు వీడియో తీసేవాళ్ళు.

"టీవీలో ఆపేసినారంట గదా అక్కా. నిన్న మూడు పెళ్ళిండ్లకు పోయినా. మూడింటిలోనూ నీ రేటు చెప్పినా," అంది దిల్షాద్‌బీ.

హబీబుల్లా పెట్టె తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. ధర అడిగాడు. ఆమె చెప్పింది. అతను జేబులో చెయ్యి పెట్టి, జీపువైపు చూసి, చెయ్యి జేబులోనే ఉంచాడు. కొనాలని ఉంది. కొన్నది తానేనని కనిపించకూడదనీ ఉంది. మిగతా ముగ్గురూ అతనేం చేస్తాడోనని చూస్తున్నారు.

అప్పుడు సందులోకి మోటారుసైకిలు వచ్చింది. వెనక సీటుకు రెండు పెద్ద అట్టపెట్టెలు తాళ్ళతో కట్టి ఉన్నాయి. ఆదెన్న బండి దిగి, తాళ్ళు విప్పి, పెట్టెలు మోసుకొచ్చి, వదిన కూర్చున్న మెట్టుకే రెండో చివర దించాడు. లోపల అన్నీ పచ్చపెట్టెలు.

కొట్లాటకు వచ్చాడనుకుంది సంజీవమ్మ. అతను ఆమెను చూడనే లేదు. హబీబుల్లాతో అన్నాడు.

"పచ్చపెట్టె. ఏడు వేల ఆరు నూర్లు."

సంజీవమ్మ ఒక్క క్షణం అతన్నే చూసింది.

"ఎర్రపెట్టె. ఏడున్నర," అంది.

"ఏడు నాలుగు నూర్లు."

"ఏడు మూడు నూర్లు. ఒక సంవత్సరం గ్యారంటీ. చెడిపోతే నేనే వచ్చి మారుస్తా."

"నేను మాత్రం రానా?" అన్నాడు ఆదెన్న. అతని చొక్కా చెమటకు వీపుకు అంటుకుపోయింది.

హబీబుల్లా జేబులోంచి చెయ్యి బయటికి తీసి, కింది మెట్టు మీద చతికిలబడ్డాడు. "కానీండప్పా," అన్నాడు. "నాకేం తొందరల్యా." వీడియోవాళ్ళు నవ్వారు. అవతలి పక్కన నడిచి పోతున్న ఇద్దరు ఆగారు. ఫోటోస్టూడియో అబ్బాయి ఫోన్ జేబులో పెట్టుకుని వెనక్కి వచ్చాడు. చూస్తూండగానే పదిమంది అయ్యారు.

ఆ సందట్లో ఆదెన్న వదినవైపు కొంచెం వంగాడు.

"పులివెందుల వానికి ఈడినుంచి ఒక్క గిరాకీ పోనియ్యను. కానీ నీ మింద నాకు కోపం పోల్యా వదినా."

"పోవాల్సిన పనిల్యా," అంది సంజీవమ్మ. "రేటు చెప్పు."

అతను చెప్పబోతూ ఆగాడు. జీపు తలుపు తెరుచుకుంది. ఇద్దరు మనుషులు దిగి, తొందర లేకుండా, సందు మధ్యలో నడిచి వస్తున్నారు. నిన్న వసారాలో నిలబడి ఉన్నవాళ్ళే. నవ్వులు ఆగిపోయాయి. హబీబుల్లా లేచి నిలబడ్డాడు. వెనకనున్నవాళ్ళు ఇంకా వెనక్కి జరిగారు.

ఎదురుగా ఉన్న టీ అంగట్లోంచి వెంకటేశు బయటికి వచ్చాడు. పొద్దుటినుంచీ అతను అక్కడే కూర్చుని చూస్తున్నాడని సంజీవమ్మకు తెలియదు. గడ్డం గీసుకోలేదు. చేతిలో తాళంచెవులున్నాయి. వాటిని వాళ్ళకు అప్పజెప్పడానికే వచ్చాడని ఆమె అనుకుంది. లేచి నిలబడింది.

"వెంకటేశూ," అని పిలిచాడు ఆ ఇద్దరిలో ఒకడు. "అన్న ఏం చెప్పినాడో మర్సిపోతివా?"

వెంకటేశు ఆగలేదు. భార్యకూ తమ్ముడికీ మధ్యలోంచి మెట్లెక్కి, షట్టరు ముందు కూర్చుని తాళంచెవి పెట్టాడు. మొదటిసారి తిరగలేదు. రెండోసారి తిరిగింది. షట్టరు సందంతా మోగేట్టు పైకి లేచింది.

అతను ఇటు తిరిగాడు. మాట్లాడింది గిరాకీతోనే. చూస్తున్నది మాత్రం ఆ ఇద్దరినే.

"ఎండలో ఎందుకు నిలబడతారు? లోపలికి రాండి."

ఒక్కరూ కదల్లేదు. ఆ ఇద్దరూ మెట్లదాకా వచ్చి, కింది మెట్టుకు చెరొకవైపు నిలబడ్డారు. దారి కొంచెమే మిగిలింది.

దిల్షాద్‌బీ బురఖా అంచు కాస్త పైకెత్తి పట్టుకుని, వాళ్ళిద్దరి మధ్యనుంచి మెట్లెక్కింది.